మగవాడు వేసిన పొయ్యి

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని దయాకుమారి దుబాయ్ పాతబస్తీ నైఫ్‌లోని ఇంటికి చేరేసరికి ఏడున్నర దాటింది. శుక్రవారం కావడంతో వీధిలో దుకాణాలింకా తెరవలేదు. తలుపు తోసుకుని లోపలి వాకిట్లో అడుగు పెడితే, మేస్త్రీ హన్మాండ్లు సుత్తీ ఉలీ పట్టుకుని మట్టిపొయ్యి ముందు గొంతుక్కూర్చుని కనిపించాడు. పక్కనే అట్టపెట్టెలో కొత్త గ్యాస్ స్టవ్వు, గోడకు ఆనించి సిలిండరు.

"ఏం చేస్తున్నావు హన్మాండ్లూ?"

"సారు గీ పొయ్యి తీసెయ్యుమన్నడు సిస్టరమ్మా. గీ జాగల గ్యాసుకు గట్టు కట్టాలంట. మీకు ఎర్కలేదా?"

భార్యకు చెప్పకుండా ఇంట్లో చీపురు మార్చినా ముప్పే. ఈ పెద్దమనిషి ఏకంగా పొయ్యి మార్చబోయాడు. భుజాన తువ్వాలుతో స్నానాల గదిలోంచి వచ్చిన ప్రేమరాజు ఆమెను చూసి తడబడ్డాడు.

"నువ్వొచ్చేలోపల ఖలాస్ చేయిద్దామనుకున్నాను దయా. మధ్యాహ్నానికల్లా అన్నయ్య విమానం దిగుతాడు. ఈ మసిగోడలు ఆయన కంట పడకూడదు."

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా?"

"ఊరంతా గ్యాసు పెట్టుకుంటే మనమింకా పొగ మింగుతూ కూర్చోవాలా?"

"ఆ పొయ్యి తియ్యడానికి వీల్లేదండీ."

చెప్పులైనా విప్పకుండా వెళ్ళి పొయ్యికీ సుత్తికీ మధ్య నిలబడింది. వార్డులో నలభైమంది రోగులను ఒక్క చూపుతో పడుకోబెట్టే మనిషి ఆమె. హన్మాండ్లు మెల్లగా లేచాడు.

"ఆలుమగల నడుమల సుత్తె పెట్టుడు మంచిది గాదు. మీరు మీరు మాట్లాడుకోన్రి. నేను చాయ్ తాగొస్త."

ఆ పొయ్యి సంగతి తెలియాలంటే ఐదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. డెబ్భై ఏడులో ప్రేమరాజు అవనిగడ్డలో గుమాస్తాగిరీ వదులుకుని, నర్సుగా ముందే వచ్చిన భార్య దగ్గరికి దుబాయ్ చేరాడు. ఉద్యోగం ఇప్పిస్తామన్నవాళ్ళు మొహం చాటేశారు. వంట అతని పాలిట పడింది. ఒకనాడు పులుసు కిరోసిన్ వాసన వేస్తోందని దయాకుమారి ముద్ద దిగక చెయ్యి కడుక్కుంది. మర్నాడే అతను పొయ్యి వెయ్యడానికి పూనుకున్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, పొయ్యి వేసి చూడు అనడం పెద్దలు మరిచిపోయారు. వాళ్ళ వైపు అది ఆడవాళ్ళ పని, మగవాడు చేస్తే నవ్వుతారు. కృష్ణ ఒడ్డున పుట్టినవాడు కదా, నీటి ఒడ్డు మట్టిని మించింది లేదని అతని నమ్మకం. ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, క్రీక్ ఒడ్డు నుంచి రెండు బకెట్ల మట్టి మోసుకొచ్చాడు. అదంతా ఉప్పు. పొయ్యి ఆరేసరికి తెల్లగా పూసి, మొదటి మంటకే పెళ్ళలు పెళ్ళలుగా ఊడి, పులుసు కుండతో సహా కూలింది. వీధి చివర మేడ కడుతున్న హన్మాండ్లు అది చూసి పగలబడి నవ్వాడు. "గది సముద్రం మట్టి సారూ" అని, ఏదో తోటకు వచ్చిన లారీ నుంచి మంచి మట్టి తెచ్చిచ్చాడు. గడ్డికి బదులు ఖర్జూరపు పీచు కలిపి మళ్ళీ పొయ్యి వేశారు. రేవులో పారేసిన చెక్కపెట్టెలు కట్టెలయ్యాయి.

అలా పద్నాలుగు నెలలు, అతనికి గ్యారేజీలో పని దొరికేదాకా. దయాకుమారి బతుకులో అంత తీపి రోజులు లేవు. తల్లి లేని పిల్ల, మిషన్ హాస్టల్లో గంట కొట్టి పెట్టిన అన్నం తిని పెరిగింది. డ్యూటీ దిగి వస్తే వాకిట్లో కట్టెల పొగ, కుండలో వంజరం పులుసు, కాళ్ళకు వేడినీళ్ళు. తన కోసం ఒకరు వండి ఎదురు చూడటం ఆమెకు అదే మొదలు.

"అది తీసేస్తే నాకేం మిగులుతుందండీ? ఈ ఊళ్ళో నాకు ఇల్లంటే ఆ పొయ్యే." ఇప్పుడు దానికి అడ్డంగా నిలబడే అంది దయాకుమారి.

"నీకది ఇల్లు. నాకేంటో ఎప్పుడైనా అడిగావా?"

ప్రేమరాజు అంత గట్టిగా మాట్లాడటం ఆమె వినలేదెప్పుడూ.

"ప్రార్థన కూటంలో నన్నేమని పిలిచేవారో తెలుసా? సిస్టరుగారి వంటాయన! నా పేరొక్కరికీ తెలియదు. అన్నయ్యకు రాసిన ఉత్తరాల్లో మాత్రం నేను ఆఫీసు గుమాస్తాని. నా పరువు కోసం నువ్వే రాశావు. ఇప్పుడు గ్యారేజీ స్టోరు మొత్తం నా చేతి మీద నడుస్తోంది. అయినా ఇంటికొచ్చి ఆ పొయ్యి చూస్తే మళ్ళీ నేను వంటాయన్నే."

దయాకుమారి నిలువునా నీరైపోయింది. రోగి మొహం చూసి నొప్పెక్కడో చెప్పగలిగే తను, ఇంట్లో మనిషి నొప్పి ఇన్నేళ్ళుగా కనిపెట్టలేకపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"తింటున్నప్పుడు నీ మొహం చూసేవాణ్ణి. చెబితే ఆ సంతోషం పోతుందని చెప్పలేదు."

ఆమె పొయ్యి ముందు నుంచి పక్కకు జరిగింది. తరువాత గుమ్మంలోకి వెళ్ళి, "రా హన్మాండ్లూ, కొట్టెయ్" అంది.

ఒక్కో దెబ్బకూ గుండె కలుక్కుమంటున్నా అక్కడే నిలబడింది. "మంచిగ కట్టినం సారూ, ఊకెనే పగుల్తలేదు" అని గొణుగుతూనే హన్మాండ్లు పని కానిచ్చి, గట్టు కట్టి, స్టవ్వు బిగించి వెళ్ళాడు. ఆమె బియ్యం చేట అందుకోబోతే ప్రేమరాజు లాక్కున్నాడు.

"రాత్రంతా నిలబడ్డావు. వెళ్ళి పడుకో."

"మీరెందుకండీ మళ్ళీ..."

"పడుకోమన్నానా!"

మెలకువ వచ్చేసరికి ఇల్లంతా పులుసు వాసన. పొగ లేదు, చిటపటలు లేవు. వంట చేసి ప్రేమరాజు అన్నగారి కోసం విమానాశ్రయానికి వెళ్ళినట్టున్నాడు. గట్టు మీద, స్టవ్వు పక్కన, చల్లారకుండా మూతవేసి ఆమె కంచం ఉంది. దయాకుమారి ఆ కంచం ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

హెడ్మాస్టరుగా చేసి రిటైరైన కృపాకర్ గారు వస్తూనే ఇల్లంతా కలయజూసి, కాళ్ళు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నారు. రెండు ముద్దలు తిని ఆగిపోయారు.

"దయమ్మా, అచ్చం మా అమ్మ చేతి పులుసే! ఆసుపత్రి ఉద్యోగం చేసుకుంటూ ఎప్పుడు నేర్చావమ్మా?"

భర్తను కాపాడే అబద్ధం ఆమెకు అలవాటే.

"ఏదో బావగారూ, అలా అలా..."

"తను కాదన్నయ్యా," గరిటె చేతిలో పట్టుకునే అన్నాడు ప్రేమరాజు. "నేను వండాను. వచ్చిన కొత్తల్లో పద్నాలుగు నెలలు నాకు ఉద్యోగం లేదు. గుమాస్తానని రాసింది అబద్ధం. తను సంపాదించింది, నేను వండిపెట్టాను. పొయ్యి కూడా నేనే వేశాను. సిగ్గుపడి, నువ్వొస్తున్నావని పొద్దున్నే కొట్టించేశాను."

కృపాకర్ గారు కంచంలోంచి చెయ్యి తీసి తమ్ముడి మొహంలోకి చూశారు.

"పొయ్యి వేశావా? నువ్వా?" అన్నారాయన. "నిలబడిందీ?"

"ఐదేళ్ళు."

"అమ్మ వేసిన పొయ్యే ఏటేటా విరిగేదిరా. నాకు చూపించి కొట్టించకపోయావా?" కంచం ముందుకు జరిపారాయన. "ఇంకో ముక్క వెయ్యి."

ప్రేమరాజు గరిటె నిండా ముంచి వడ్డించబోతే పులుసు బల్ల మీద ఒలికింది. దయాకుమారి కొంగుతో తుడవబోయి, ముందు కళ్ళు తుడుచుకుంది.