తూర్పు కొసన మెస్బా ఇల్లు

ట్యునీషియా దక్షిణాన, ఇసుక అంచునున్న ఆ విమానాశ్రయంలో రన్‌వే తూర్పు కొసంటే అందరికీ హడలే. రెండో ప్రపంచయుద్ధంలో ఆ విమానాశ్రయం జర్మన్లది, తర్వాత ఇంగ్లీషువాళ్ళది, ఆనక ఫ్రెంచివాళ్ళది. ఇప్పుడు ఎండ కాచుకునే దొరలు దిగుతున్నారు, హజ్ యాత్రికులు ఎక్కుతున్నారు. ఎన్ని జెండాలు మారినా ఆ కొసకున్న చెడ్డపేరు మాత్రం పోలేదు.

విమానం లేచే ముందు రన్‌వే మీద రాళ్ళు ఏరడం బెల్గాసెం పని. ఆ రాత్రి వాడి కాళ్ళు నేలమీద నిలవడం లేదు — తెల్లారితే నాన్న అమ్మార్ హజ్‌కి బయల్దేరుతున్నాడు. ముసలాయన ఆచారం తప్పకుండా గడపగడపకీ తిరిగి, తన తప్పులన్నిటికీ మన్నింపు అడిగి వచ్చాడు. ఒక్క గడప మిగిలినా యాత్ర చెల్లదని ఆయన భయం.

తూర్పు కొసన... ఎవరో కూర్చుని ఉన్నారు. జుట్టు నిండా మట్టి.

"ఎవరన్నా నువ్వు? ఇక్కడ కూర్చోకూడదు."

"మీ నాన్న అన్ని ఇళ్ళకీ వెళ్ళాడటగా. మెస్బా ఇంటికి రాలేదేం?"

"ఏదీ ఆ ఇల్లు?"

"నువ్వు నిలబడ్డావే తమ్ముడూ... దాని కప్పు మీదే."

దీపం ఎత్తి చూస్తే — ఎవరూ లేరు!

బెల్గాసెం పరుగెత్తాడు. ప్రయాణికుల గదిలో, యాత్రకి తెల్లగుడ్డలు చుట్టుకుని కూర్చున్న తండ్రిని పక్కకి లాగి, విన్నదంతా చెప్పాడు. ముసలాయన మొహం పాలిపోయింది.

"మెస్బా..." అని గొణిగాడు. "యుద్ధం రోజుల్లో ఈ రన్‌వే మీద బాంబు గుంటలు పూడ్చే కూలీలకి నేను మేస్త్రీని. వాడు గుంటలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తెల్లారేలోగా పూడ్చకపోతే కాల్చేస్తామన్నారు జర్మన్లు. వాడు 'అన్నా, అన్నా' అంటూనే ఉన్నాడురా... మట్టి పొయ్యమన్నాను. పారిపోయాడని ఊళ్ళో చెప్పాను."

బెల్గాసెంకి అసహ్యం వేసింది. మరుక్షణం జాలీ వేసింది.

"పద నాన్నా. అడుగు. ఇప్పటిదాకా నిన్నెవరు కాదన్నారు?" అంటూ తనే చెయ్యి పట్టి తీసుకెళ్ళాడు.

ముసలాయన తూర్పు కొసన మోకాళ్ళ మీద పడ్డాడు. "మెస్బా, మన్నించరా!"

తర్వాత కింద నుంచి, చాలా కింద నుంచి —

"వినపడట్లేదన్నా... మట్టి అడ్డం. ఇంకాస్త దగ్గరికి రా."

ముసలాయన తారుకి చెవి ఆనించాడు.

అంతలో ఇసుక గాలి రేగింది. బెల్గాసెం కళ్ళు మూసుకుని తెరిచేసరికి నాన్న లేడు. తారు మీద వెంట్రుకంత పగులైనా లేదు. అయినా ఆ తారులోంచే జానెడు తెల్లగుడ్డ మాత్రం పైకి కనిపిస్తోంది.

లాగాడు. రాలేదు. "నాన్నా!" అని అరుస్తూ తనూ చెవి ఆనించబోయి, ఆగిపోయాడు.

ఆనించక్కర్లేకుండానే వినిపిస్తోంది... ఎవరో పారతో తాపీగా మట్టి పోస్తున్న చప్పుడు.