నీళ్లు తాగే పడవ

వచ్చీ రాగానే బూట్లతో పడవెక్కాడు. అప్పుడే వార్నిష్ పూసిన డెక్కు.

"దిగండి," అంది లోపలి నుంచి ఒక ఆడగొంతు.

"ఇది నా పడవ."

"డెక్కు నాది. ఆరేదాకా."

దిగాడు. తాత పోతూ అతనికి వదిలిన కొయ్య యాట్, తెరచాపల పందెం పడవ అది. ఒకప్పుడు ఎదురులేకుండా రేసులు గెలిచింది. తర్వాత షెడ్డులో పడి ఎండిపోయింది. పలకల మధ్య సందులు పడ్డాయి. దాన్ని కట్టిన మేస్త్రి ఇంకా ఉన్నాడు గానీ చేతులు వణుకుతున్నాయి. అందుకని ఉలి కూతురు పట్టింది. తన చేతి పడవ ఇంకొక్క రేసులో తెరచాప ఎత్తితే చూసి పోవాలని ముసలాయన కోరిక. ఇంకేమీ అడిగే మనిషి కాదు.

అతను రోజూ వచ్చేవాడు, పని చూడ్డానికని. చూసేది పనిని కాదని షెడ్డులో రంపానికి కూడా తెలుసు. ఆమెని చిన్న మేస్త్రి అన్నాడు. ఆమె అతన్ని రేసుబాబు అంది. ఒక వాన పూట ఇద్దరూ పడవ పొట్ట కింద ఇరుక్కుని టీ తాగారు. వాన వెలిసేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. రేసు అయ్యాక పెళ్లి మాటలకి మా నాన్నని తీసుకొస్తానన్నాడు. ఆమె ఔననలేదు. అతని జుట్టులోంచి రంపప్పొట్టు ఏరి పారేసింది.

పడవని నీళ్లలోకి దించారు. కాసేపటికే అడుగున నీళ్లు చేరాయి. అతని మొహం పాలిపోయింది. ఆమె నవ్వి, ఎండిన కొయ్య నీళ్లు తాగి ఉబ్బుతుందనీ, సందులు వాటంతటవే మూసుకుంటాయనీ, అందుకే సందుల్లో నూలు వదులుగా కూరాననీ చెప్పింది. కొయ్య ఉబ్బేదాకా నీళ్లు తోడుతూ ఉండమంది. ఇంకేదీ ముట్టుకోవద్దంది. సరేనన్నాడు. ఆమె తెరచాపలు తేవడానికి పక్క ఊరు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి అడుగు పొడిగా ఉంది. అతను పొంగిపోతూ చెప్పాడు. ఆగలేక క్రేన్ పిలిపించి, పడవ పైకెత్తించి, పనివాళ్ల చేత సందులన్నీ బిగించి కూరించి మళ్లీ దించాడట.

ఆమె ఒక సందుని వేలితో నొక్కి చూసింది, నూలు రాయిలా ఉంది. రేసు ముందురోజు పలకలు ఉబ్బాయి. ఉబ్బడానికి చోటు లేదు. పలకల్ని పట్టి ఉంచే లోపలి కొయ్య పక్కటెముకలు ఒక్కొక్కటే ఫెళ్లుమన్నాయి. ముసలాయన ఒడ్డున కూర్చుని ఆ చప్పుడంతా విన్నాడు.

అతను అన్నమాట ప్రకారం తండ్రిని తీసుకొచ్చాడు. "మంచివాడేనమ్మా, తొందరెక్కువ," అన్నాడు ముసలాయన. తనకి సమ్మతమే అన్నాడు.

"నేను చెప్పిన మాట మీద నాలుగు రోజులు ఉండలేకపోయాడు నాన్నా. బతుకంతా ఎలా ఉంటాడు?"

పడవ ఎముకలు మార్చడానికి ఏడాది పట్టింది. ముసలాయన అంతకాలం ఉండలేదు.

మళ్లీ దించిన రోజున అతను బూట్లు చేత్తో పట్టుకుని వచ్చాడు. నీళ్లు ఊరుతుంటే పలకని ముట్టుకోలేదు. కారడం ఆగేదాకా తోడుతూనే కూర్చున్నాడు. చేతులు పొక్కులెక్కాయి.

"చూశావా, ఆగాను," అన్నాడు.

"చూశాను. ఆగడానికి రోజులు లేని మా నాన్న వెళ్లిపోయారు."

కట్టుతాడు విప్పి అతని చేతిలో పెట్టి ఆమె ఒడ్డుకి దిగింది.

"పడవ తీసుకెళ్లండి. డెక్కు కూడా ఆరింది. బూట్లు వేసుకోండి."