పన్నెండు నిమిషాల పేజీ

కెప్టెన్ దాలినాయుడు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు. మొహం పాలిపోయింది.

"ఏటండీ ఇది, డాక్టరు గారూ? తలుపు గొళ్లెం రెండోసారి చూడాలని రూలు. సరే, చూస్తాను. దానెనకాల ఆ మనిషి గొంతు నాకెందుకండీ?"

"ఇరవై ఏళ్లుగా ఆ రూలు కింద సంతకం పెడుతున్నారు కదా, ఎప్పుడైనా చదివారా?" అన్నాడు డాక్టర్ మస్తాన్ వలీ.

దాలినాయుడు మర్నాటినుంచి గొళ్లెం రెండుసార్లు కాదు, మూడుసార్లు చూడటం మొదలుపెట్టాడు.

విమానాలు నడిపే ప్రతి కంపెనీకీ ఒక ఆపరేషన్స్ మాన్యువల్ ఉంటుంది. ఎంత గాలిలో దిగొచ్చు, ఎంత వానలో దిగకూడదు, ఏ దీపం వెలిగితే ఏం చెయ్యాలి, అన్నీ అందులో ఉంటాయి. ఏ పేజీ మారినా పైలట్లందరూ 'చదివాను, అర్థమైంది' అని సంతకం పెట్టాలి. పెట్టేవాళ్లే గాని చదివేవాళ్లు తక్కువ. వాళ్లని వెక్కిరించడానికి మనకేం హక్కు లేదు లెండి, ఇన్సూరెన్సు కాగితాలు మనం ఏపాటి చదివి సంతకం పెడుతున్నాం?

అయితే ఆ మాన్యువల్‌లో చాలా లైన్లు ఊరికే పుట్టినవి కావు. ఎక్కడో ఎవరో ప్రాణం పోగొట్టుకుంటే ఒక లైను పుట్టింది. డాక్టర్ వలీ తయారుచేసిన 'ఆనవాలు' అనే యంత్రం ప్రమాద నివేదికలూ కాక్‌పిట్ రికార్డింగులూ గాలించి, ప్రతి లైనుకీ దాని వెనకున్న మనిషిని పట్టుకుంటుంది. లైనుమీద వేలు పెడితే ఆ మనిషి చివరి మాటలు వినిపిస్తాయి. విశాఖపట్నంలోని తూర్పుతీరం ఎయిర్‌వేస్ దాన్ని మొట్టమొదట కొన్నది. ఆర్నెల్లు తిరక్కుండా పైలట్ల తప్పులు దాదాపు మాయమయ్యాయి. కొందరికి నిద్ర కూడా మాయమైంది గాని, దాన్ని ఎవరూ నివేదికలో రాయలేదు.

ఆ కంపెనీలో మాన్యువల్స్ విభాగం అంటే హైమావతి ఒక్కతే. రాసేదీ, మార్చేదీ, పాత పేజీ తీయించేదీ ఆమే. వానాకాలం ముందు ఆమె ఒక కొత్త పేజీ చేర్చింది. వాళ్లవి బ్యాటరీ విమానాలు. మన్యంలోని మబ్బుకొండ మీద చలికి గేజిలో కనిపించే ఛార్జి వేరు, లోపలున్న ఛార్జి వేరు అని ఆమె లెక్కల్లో తేలింది. దిగాక పన్నెండు నిమిషాలు ఆగితే అంకె అసలు దగ్గరికి వస్తుంది. ఆగకుండా లేస్తే కొండ దాటేలోపే మోటార్లు ఆగిపోవచ్చు.

దాలినాయుడు ఆ పేజీమీద వేలు పెట్టాడు. ఏమీ వినిపించలేదు.

"దీనెనకాల ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరు కెప్టెన్. లెక్క ఉంది."

"ఓహో, లెక్కా," అని సంతకం పెట్టేసి వెళ్లిపోయాడు.

అందరూ అంతే. మొదటి వానలు పడ్డాయి. మబ్బుకొండలో ఒక్క విమానమూ ఆగలేదు. రోజూ సాయంత్రం చివరి విమానం దిగేదాకా హైమకి అన్నం సయించేది కాదు. వలీ దగ్గరికి వెళ్లింది.

"ఒకరు చచ్చేదాకా నా పేజీ మాట్లాడదా, సార్? దానికో గొంతు పెట్టండి."

"నేను పెట్టనమ్మా. ఒక్క అబద్ధం దూరిందంటే మొత్తం మాన్యువల్ అబద్ధమే. అప్పుడు గొళ్లేలు కూడా ఎవరూ చూడరు."

ఆయన చెప్పింది న్యాయమే. కానీ సాయంత్రం విమానాల కోసం కూర్చునేది ఆయన కాదు. 'ఆనవాలు'లో రికార్డింగులు చేర్చే తాళం హైమ దగ్గర కూడా ఉంది. పాత కాక్‌పిట్ మైకు ఒకటి తెచ్చి, షెడ్డులో విప్పేసిన విమానంలో కూర్చుని, నిజంగా కొండ మీదికొస్తున్నట్టు ఊహించుకుంది. భయం నటించాల్సిన అవసరం రాలేదు. "ఛార్జి ఉందిగా... గేజిలో ఉందిగా! అయ్యో, ఆగి ఉండాల్సింది..." దాన్ని తన పేజీకి తగిలించి, పేరు చెప్పడానికి కుటుంబం ఒప్పుకోని ఒక తెలుగు కో-పైలట్ అని కింద రాసింది.

ఆ వారంనుంచే విమానాలు ఆగాయి. రోజూ ఆఫీసులో చూసే మనిషి గొంతని ఒక్కరూ పోల్చుకోలేదు. భయంలో గొంతు వేరుగా ఉంటుంది మరి.

డిసెంబరులో విమానాలు తయారుచేసినవాళ్లు గేజి మార్చారు. చలిలో కూడా కొత్తది సరిగ్గానే చూపిస్తుంది. హైమ ఆ పేజీ తీసేసింది. పైలట్లందరూ చదివామని సంతకం పెట్టారు. గేజి పరీక్షకని ఆమె కూడా ఒకసారి మబ్బుకొండ వెళ్లింది. కాక్‌పిట్‌లో వెనక ఉన్న మడత సీటు దించి కూర్చోబోతే దాలినాయుడు కంగారుపడ్డాడు.

"అక్కడొద్దమ్మా. ఆవిడ కూకుంటాది."

కొండమీద దిగాక ఇద్దరు పైలట్లూ చేతులు ఒళ్లో పెట్టుకుని పన్నెండు నిమిషాలూ కూర్చున్నారు. హైమ ప్రయాణికుల సీట్లోంచి లేచి వచ్చి ఆ ఖాళీ సీటు పక్కన నిలబడింది.

"పేజీ తీసేశాం కదా, కెప్టెన్?"

"పేజీ తీసేశారు. ఆవిడ పోనేదు కదమ్మా."

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. సిగ్గేసింది, ఉద్యోగం గుర్తొచ్చింది, పన్నెండు నిమిషాలే కదా అనుకుంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం మబ్బుకొండలో స్కూలు టీచరు సుభద్రని పాము కరిచింది. మందు విశాఖపట్నంలోనే ఉంది. విమానం ఎక్కించేటప్పటికే ఆమెకి కనురెప్పలు వాలిపోతున్నాయి. ఆసుపత్రివాళ్లు ఒక్క నిమిషం కూడా జాగు చెయ్యొద్దన్నారు. దాలినాయుడు విమానం కదపలేదు. కంట్రోల్ రూమువాళ్లు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ "ఆగాలండి" అన్న జవాబే వచ్చింది. హైమ పరుగున వచ్చి మైకు లాక్కుంది. గొంతు వణికిపోతోంది.

"కెప్టెన్, ఆగొద్దు! ఆ గొంతు నాదే. నేను బతికే ఉన్నాను. ఛార్జి ఉంది, గేజిలో ఉంది. బయల్దేరండి!"

అవతల గరగర మాత్రం వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. మబ్బుకొండలో విమానం పన్నెండు కాదు, ఇరవై నిమిషాలు ఆగింది. కిందికి వచ్చేసరికి సుభద్రకి ఊపిరి లేదు.

మర్నాడు దాలినాయుడు హైమ గదికి వచ్చాడు. ఒక్క రోజులో పదేళ్లు మీదపడ్డ మనిషిలా ఉన్నాడు.

"రేడియోలో ఆవిడ వచ్చిందమ్మా. ఇన్నాళ్లూ ఆగమన్న మనిషి నిన్న బయల్దేరమంది, బతికే ఉన్నానంది. నన్ను కూడా తనెంట తీసుకుపోడానికే అనుకున్నాను. రేడియో కట్టేసి హనుమాన్ చాలీసా చదువుకున్నాను. ఆ టీచరమ్మ ఎనకనుంచి 'ఇంకెంతసేపు బాబూ' అని అడుగుతానే ఉంది."

"కెప్టెన్, రేడియోలో మాట్లాడింది నేనే. రికార్డింగులో ఉన్నదీ నేనే. ఆ మనిషి అసలు లేదు. నేనే అబద్ధం చెప్పాను."

ఆయన ఆమెకేసి జాలిగా చూశాడు.

"నా మీద తప్పు పడకుండా మీ నెత్తినేసుకుంటన్నారు. మీ గొంతు నాకు తెలీదేటమ్మా? ఆరేళ్లనుంచి వింటన్నాను. చచ్చిపోయిన పిల్లని అసలు లేదనకండి, పాపం."

ఆమె మళ్లీ చెప్పింది. ఏడుస్తూ చెప్పింది. ఆయన మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపి, తాగేదాకా ఆగి, తను వచ్చిన పని చెప్పాడు.

"మాన్యువల్‌లో ఒక లైను రాయాలమ్మా. రేడియోలో ఆవిడ గొంతు వినబడితే ఎంటనే కట్టేయాల. కుర్రపైలట్లు భయపడతన్నారు. ఈ లైను అందరూ చదువుతారు. దీనెనకాల మనిషి ఉంది."