గుహ దారిలో అద్దె ఇల్లు

"నా ఇంట్లో ఎవరూ నిలవడం లేదండీ," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకముందే. "ముచ్చటగా మూడోసారి. నిన్న టీచరమ్మ కూడా సామాను సర్దుకుంది."

ఊరంతా భూతద్దం గారని పిలుచుకునే ఆ ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర నిజానికి భూతద్దం లేదు. ఆయన సహాయకుడు వయసులో పెద్దవాడే గానీ, సారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

ఆవిడ ఇల్లు పేరున్న గుహలకు దగ్గర్లో ఉంది. వెనక గదిలో మామగారు ఒక్కరే ఉంటారు. ముందు భాగం అద్దెకిస్తారు. అద్దెకొచ్చినవాళ్ళు స్నానం చేసి వచ్చేసరికి ముక్కూ మొహం తెలియనివాళ్ళు కెమెరాలతో హాల్లో నిలబడి ఉంటారట.

"పక్క లాడ్జి ఓనరే పంపిస్తున్నాడు. ఇల్లు తనకు అమ్మమని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. మామయ్యగారిని అక్కడ ఒంటరిగా వదల్లేను. నెలాఖరుకి నమ్మకమైనవాళ్ళు దొరక్కపోతే ఇల్లు అమ్మేసి ఆయన్ని మా ఫ్లాటుకి తీసుకెళ్ళాలి. ఆ మాట చెప్పడానికి నాకింకా నోరు రాలేదు."

"అద్దెకున్నట్టు జనానికెలా తెలుస్తుంది?"

"మలుపులో బోర్డులు పెట్టాను. పైన 'ఇల్లు అద్దెకు', కింద బాణం గుర్తుతో 'గృహ సందర్శనకు ఇటు'. మనుషులు దిగాక పైది తీసేస్తాను. కిందిది అలాగే ఉంటుంది."

మర్నాడు మలుపు దగ్గర నీలం బోర్డు చూడగానే సహాయకుడి మొహం వెలిగింది. "సార్, గుహలు ఇటేనట. ఒక్కసారి చూసొస్తాను," అని బాణం వెంట చకచకా నడిచాడు. భూతద్దం గారు బోర్డు మీద గోరుతో గీకి, తనలో తనే నవ్వుకుని వెనకాలే వెళ్ళారు. సహాయకుడు ఆవిడ ఇంటి హాల్లో తెల్లమొహం వేసుకుని నిలబడి ఉన్నాడు.

"రండి బాబూ, తల వంచుకుని రండి," అంటూ వెనక గదిలోంచి వచ్చిన పెద్దాయన వాళ్ళను వరండాలోకి పిలిచారు. వరండా తలుపు ఏనుగు పట్టేంత ఎత్తుంది. బల్ల మీద డజను గ్లాసుల్లో మంచినీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. పెద్దాయన కుర్చీకి వేసిన నీలం రంగు ఇంకా కొత్త వాసన వేస్తోంది.

"మామయ్యగారు గుహల్లో గైడుగా పనిచేశారు," అంది అప్పటికే అక్కడికి వచ్చి ఉన్న కోడలు. "ఇప్పుడక్కడ చెవుల్లో పెట్టుకునే మిషన్లే మాట్లాడేస్తున్నాయి."

కబురు చేస్తే వచ్చిన లాడ్జి ఓనరు మండిపడ్డాడు. "ఇల్లు కావాలన్న మాట నిజం. కానీ జనాన్ని నేనెందుకు తోలతానండీ? నా దగ్గర దిగాల్సినవాళ్ళు కూడా ఇటే పోతున్నారు."

టీచరమ్మకు పెద్దాయన మీద మాత్రం ఏ కోపమూ లేదు. "పాపం, ఆయనే వాళ్ళందర్నీ వరండాలోకి తీసుకుపోయేవారు. లేకపోతే నేనింకా ముందే పారిపోయేదాన్ని."

సాయంత్రం అందరినీ వరండాలో కూర్చోబెట్టి, భూతద్దం గారు మలుపులోని బోర్డు తెచ్చి కోడలి ముందు పెట్టారు. "చదవండమ్మా."

"గృహ సందర్శనకు ఇటు."

"మీరు రాయించారు కాబట్టి మీకలాగే కనిపిస్తుంది. మా వాడు 'గుహ' అని చదివాడు, సరిగ్గా చదివాడు. గకారం కింద వట్రసుడి తోక ఎవరో గీకేశారు. తోక పోతే మిగిలేది కొమ్మే. గీకిన చోట కనబడకుండా నీలం రంగు పూశారు. అదే రంగు ఈ కుర్చీకుంది. ఒంటరి మనిషి డజను గ్లాసులు నింపి పెట్టుకున్నాడంటే, జనం వస్తారని ముందే తెలుసన్నమాట."

పెద్దాయన తల దించుకున్నారు. "నేనే బాబూ. నలుగురు దారి తప్పి వస్తే నాలుగు మాటలు చెప్పుకోవచ్చనుకున్నాను. వాళ్ళు తిన్నగా హాల్లోకి దూరతారనుకోలేదు."

"మీకు తోడుంటారనే కదా మామయ్యగారూ, అద్దెకిస్తున్నది," అంది కోడలు. "ఎవరూ నిలవకపోతే ఇల్లు అమ్మేసి మిమ్మల్ని తీసుకెళ్ళిపోదామనుకున్నాను."

పెద్దాయన మొహం పాలిపోయింది. ఈ గుహల గాలికి దూరంగా బతకడం ఆయన ఊహకు కూడా అందని సంగతి.

"అదంతా తర్వాత, తాతగారూ," అంది టీచరమ్మ. "గుహలో తప్పిపోయిన ఆ మేక చివరికి ఎటు నుంచి బయటికొచ్చింది? మొన్న సామాను సర్దుతుంటే గోడ అవతల్నుంచి సగమే వినబడింది. అప్పట్నుంచీ నిద్రపట్టడం లేదు."

పెద్దాయన నెమ్మదిగా తలెత్తారు. కళ్ళలో కొంటెతనం తిరిగొచ్చింది. "మిగతా సగం ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్ళకే చెబుతానమ్మా."

"అయితే తాళాలిలా ఇవ్వండి. కానీ మీ జనం పక్క గేటు నుంచి వరండాకే రావాలి, హాల్లోకి కాదు."

"రోజూ సాయంత్రం మా లాడ్జివాళ్ళను నేనే పంపిస్తాను," అన్నాడు ఓనరు, కుర్చీ ముందుకు లాక్కుంటూ. కోడలు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని తాళాలు టీచరమ్మ చేతిలో పెట్టింది. పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

భూతద్దం గారు లేచి నిలబడ్డారు. "కేసు అయిపోయింది, పదండి."

సహాయకుడు కదల్లేదు. "ఉండండి సార్, మేకను బయటికి రానివ్వండి."