శనగగింజంత విషం

తమిళనాడులో మొరప్పూర్ రైల్వే స్టేషన్, రెండో ప్లాట్‌ఫారం. ఉదయం ఆరు నలభై. సైలెన్సర్ పిస్తోలు ఒక్కసారే పలికింది. ఏజెంట్ మురళి బెంచీ మీద పక్కకు ఒరిగిపోయాడు. అతని పిడికిలి విప్పితే పిల్లల టూత్‌పేస్టు ట్యూబు మూత దొరికింది. గులాబి రంగుది.

మధ్యాహ్నానికి అతని అక్క సౌభాగ్యం చీఫ్ నారాయణసామి ముందు కూర్చుంది. ఆమె కూడా ఏజెంటే. కళ్ళలో తడి లేదు. చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. ఒక విదేశీ ముఠా ధర్మపురి బాల్వాడీలకు ఉచిత పేస్టు పేరుతో విషం పంపబోతోంది. ఒకే ఉదయం వందలమంది పసివాళ్ళు పడిపోతే జిల్లా తగలబడుతుంది. ఆ మంటే వాళ్ళకు కావాలి. పిడికిలి విప్పింది తానేనని, మూత సంగతి తామిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదని అన్నాడు.

"పగతో పోవద్దు, సౌభాగ్యం."

"పగ లేనోళ్ళు కావాలంటే వేరే ఎవురినన్నా పంపండి సార్."

చెట్టికరై దగ్గరి బాల్వాడిలో ఆమె పళ్ళు తోమడం నేర్పే టీచరుగా చేరింది. చేతిలో పెద్ద ప్లాస్టిక్ పలువరుస, దాని వెనక కెమెరా. మొదట్లో పిల్లలు బ్రష్ చూస్తేనే ఏడ్చారు. నాలుగేళ్ళ చిన్నపొన్ను తియ్యగా ఉందని పేస్టు మింగేసేది. సౌభాగ్యం వాళ్ళ మధ్య కూర్చుని తన పళ్ళు తోముకుంది, నురగతో మీసాలు దిద్దుకుంది. శనగగింజంత పేస్టు చాలని, మింగకుండా ఉమ్మేయాలని రోజూ ఓపిగ్గా నేర్పింది. వాళ్ళు నవ్వుతున్నా ఆమె చూపు మాత్రం గేటు దగ్గర ఆగే ప్రతి మనిషి చేతుల మీదే ఉండేది. అలాంటి చేయే తమ్ముణ్ణి చంపింది.

పద్దెనిమిదో రోజు కారు దిగింది కలైవాణి. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, మల్లెల వాసన. ముఠాలో డిపార్ట్‌మెంట్ రహస్యంగా నాటిన మనిషి. మురళికి కబుర్లు అందించింది ఈమే.

"పాలపళ్ళెన్ని?" అడిగింది సౌభాగ్యం.

"ఇరవై."

కోడ్ సరిపోయింది. సరుకు పది గంటలకు పాలకోడు టమాటా మండీకి వస్తోందని, వెంటనే వెళ్ళమని, పిల్లల్ని తాను చూసుకుంటానని కలైవాణి చెప్పింది. "మురళి పిడికిట్లో ఉండింది చూడు, అట్లాంటి గులాబి మూతలే."

బస్సు సగం దూరం పోయాక ఆ మాట సౌభాగ్యం గుండెలో దిగింది. పిడికిట్లో మూత ఉందని ఈమెకెట్లా తెలుసు? దూకినంత పని చేసి బస్సు దిగి, ఆటో ఎక్కింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు వరుసగా కూర్చున్నారు. కొత్త ట్యూబులు విప్పి ఉన్నాయి. బ్రష్‌లు పెదవుల దాకా వచ్చాయి. పిస్తోలు తీస్తే బెదిరి నోట్లో పెట్టేసుకుంటారు. ఆమె రోజూ పలికే గొంతుతోనే అంది:

"చేతులు చూపండి."

తోమేముందు చేతులు కడిగారో లేదో చూపించడం వాళ్ళకు అలవాటైపోయింది. బ్రష్‌లన్నీ నేల మీద పడ్డాయి. చిన్నపొన్ను రెండు అరచేతులూ చాచింది.

ఆయా పిల్లల్ని లోపలికి తీసుకుపోయింది. కారు వైపు పరుగెత్తబోయిన కలైవాణిని సౌభాగ్యం గోడకు అదిమి, విషం పూసిన బ్రష్ ఆమె పెదవులకు ఆనించింది.

"వాడు నిన్ను నమ్మి స్టేషన్‌కి వచ్చినాడు. నోరు తెరువు."

కలైవాణి తల పక్కకు తిప్పుకుని, విషం చేరిన మిగతా బాల్వాడీల పేర్లన్నీ చెప్పేసింది. సౌభాగ్యం వైర్‌లెస్‌లో అందించింది. ఆఖరి చోట పిల్లలు తోముకోవడానికి నిమిషం ముందు పోలీసులు ట్యూబులు లాక్కున్నారు. అప్పటికీ ఆమె బ్రష్ దించలేదు. చెయ్యి ఇంకొక్క అంగుళం ముందుకు పోవాలని కొట్టుకుంటోంది.

"నువ్వు బతకాల," అంది చివరికి. "కోర్టులో వాడి పేరు నీ నోటితోనే చెప్పాల."

బేడీలు వేశాక చీఫ్ ఫోన్ చేశాడు. పని ముగిసింది కాబట్టి బయల్దేరమన్నాడు.

"ఇప్పుడు కాదు సార్. బ్రష్‌లన్నీ సాక్ష్యం కింద పోయినాయి, చిన్న సైజువి కొత్తవి పంపండి. వీళ్ళింకా వెనక పళ్ళు తోమేది నేర్చుకోలేదు."