ఇంటికెళ్లే పాట

"మావయ్యా, మాట్లాడకు! ఇప్పుడొస్తుంది," అంది మిచిరు.

గిటార్ ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. చూపు పార్కులోని స్తంభం మీద ఉంది. స్తంభం పైన బూడిదరంగు మైకు. ఐదు కాగానే ఆ మైకులో రోజూ ఒక పాట మోగుతుంది. మాటలుండవు. గంటలు కొట్టినట్టు ఉంటుంది. అది మోగగానే ఊళ్లో పిల్లలంతా ఆట ఆపి ఇళ్లకు పోవాలి. పిల్లలు దాన్ని ఇంటిపాట అంటారు.

మిచిరు నేర్చుకుంటున్న మొదటి పాట అదే.

పాట నిమిషం కూడా ఉండదు. రోజుకు ఒక్కసారే వస్తుంది. అందుకని మిచిరు రోజుకు ఒక ముక్క పట్టుకునేది. విన్నది మరిచిపోకుండా నోటితో కూనిరాగం తీస్తూ, గిటార్ మీద ఒక్కొక్క మెట్టూ నొక్కి వెతికేది. ఇది కాదు. పక్క మెట్టు. అదీ కాదు. తీగ మారిస్తే టక్కున దొరికేది. దొరికినప్పుడు ఒళ్లు జల్లుమనేది.

"ఫోన్లో వెతికితే ఇట్టే దొరుకుతుంది కదే," అన్నాడు రెంజి మావయ్య. ఆయన పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. గిటార్, దాని శబ్దం పెంచే ఆంప్ పెట్టె ఆయనవే.

"అలా దొరికితే మజా ఏముంది? నేనే పట్టాలి."

"పట్టు, పట్టు. వల తెచ్చివ్వనా?"

మైకు గరగరమంది. పాట వచ్చింది. మిచిరు ఊపిరి బిగబట్టి వింది. చివర్లో ఎప్పుడూ ఒక తికమక. ఆఖరి స్వరం రెండుసార్లు వినిపిస్తుంది. ఒకసారి గట్టిగా, ఇంకోసారి మెల్లగా. ఎందుకలా? పాట కట్టినవాళ్లే అలా కట్టారా?

ఆ సాయంత్రం ఆమెకు తట్టింది.

"మావయ్యా! రెండోది ఈ మైకుది కాదు. రేవు దగ్గర మైకుది! దూరం కదా, మనదాకా వచ్చేసరికి ఆలస్యమవుతోంది!"

మావయ్య చెవి రిక్కించాడు. పాట అప్పటికే అయిపోయింది. "పుట్టినప్పటి నుంచి వింటున్నాను. నాకెప్పుడూ తట్టలేదే," అన్నాడు.

మిచిరు ఆ ఆలస్యాన్ని కూడా నేర్చుకుంది. ఆఖరి స్వరం గట్టిగా ఒకసారి, మెల్లగా ఇంకోసారి. పాట పూర్తయింది.

మావయ్య చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగాడు. "ఆంప్ పెట్టావంటే హెడ్‌ఫోన్ తగిలించుకో. నీ సంగీతం ఊరంతా వినక్కర్లేదు."

మర్నాడు అక్టోబర్ మొదలైంది. పొద్దు తొందరగా గూకుతుందని, ఆ రోజు నుంచి ఇంటిపాట నాలుగున్నరకే మోగుతుంది. ఏటా ఇంతే.

మిచిరు బడి నుంచి వచ్చి ఆంప్ పెట్టింది. హెడ్‌ఫోన్ తగిలించుకుంది. ఒక మీట తిప్పితే తీగ శబ్దం గంటలా సాగింది. ఇంకాస్త తిప్పింది. అచ్చం మైకే!

అసలుదేదో, నాదేదో ఎవరైనా పట్టుకోగలరా?

ఆ ఆలోచన వచ్చాక ఇంక చేతులు ఊరుకోలేదు. కిటికీ తెరిచింది. ఆంప్‌ను కిటికీ అంచుకు జరిపింది. హెడ్‌ఫోన్ తీగ పీకేసింది. గడియారంలో ఇంకా నాలుగు కాలేదు.

వాయించింది. ఎక్కడా తప్పు పోలేదు. చివరి ఆలస్యంతో సహా.

కింద పార్కులో బంతి ఆగిపోయింది. పిల్లలు తలలెత్తి స్తంభం వైపు చూశారు.

"అప్పుడేనా?"

"ఈ రోజు నుంచి తొందరగా మోగుతుందని టీచర్ చెప్పలా? పద, పద!"

సంచులు భుజాలకెక్కాయి. చెక్కబంతుల ఆట ఆడుతున్న హిరాబయాషి తాత కూడా కర్ర చంకలో పెట్టుకున్నాడు. "ఈ ఏడు పొద్దు మరీ పరిగెడుతోంది. నాకంటే దానికే తొందరెక్కువ!" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మిచిరు తెర వెనక నోరు మూసుకుని నవ్వింది. తాతంతటివాడు కూడా మోసపోయాడు!

అందరికన్నా చివర ఉయ్యాల దిగింది సుజు. ఒకటో తరగతి పిల్ల. పసుపు టోపీ సరిచేసుకుని, స్తంభానికి చెయ్యూపి, ఒక్కతే నడిచి వెళ్లింది.

నాలుగున్నరకు అసలు పాట మోగింది. పార్కులో వినేవాళ్లెవరూ లేరు. అంతకుముందు వచ్చిన నవ్వు మిచిరుకు మళ్లీ రాలేదు. ఎందుకో తెలియలేదు. గిటార్ పక్కన పెట్టి లెక్కలు చేసుకుంది.

ఐదు దాటాక మైకు మళ్లీ గరగరమంది. ఆ వేళప్పుడు అది మోగదు. ఈసారి పాట రాలేదు. ఆడమనిషి గొంతు వచ్చింది.

"ఊరి ప్రజలకు మనవి. ఆరేళ్ల పాప కనిపించడం లేదు. పసుపు టోపీ, ఎర్ర బడి సంచి. పేరు సుజు."

రేవు మైకు ఆ పేరునే ఆలస్యంగా, మెల్లగా మళ్లీ అంది.

మిచిరు చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

సుజు ఇల్లు రెండు వీధుల అవతల. గుమ్మం ముందు జనం మూగి ఉన్నారు. సుజు వాళ్లమ్మ మినేకో చేపల ఫ్యాక్టరీ ఏప్రన్ కూడా విప్పలేదు. పోలీసాయన మ్యాపు మీద ఆ ఇంటి చుట్టూ చిన్న గీత గీస్తున్నాడు.

"పాట మోగాక నేనూ లేచొచ్చేశానయ్యా. అప్పటికి పిల్ల ఉయ్యాల మీదే ఉంది," అంటున్నాడు హిరాబయాషి తాత.

"నాలుగున్నర అన్నమాట. చిన్న పిల్ల కదా, ఎంతో దూరం పోదు. ఈ వీధుల్లోనే వెతుకుదాం," అన్నాడు పోలీసాయన.

మిచిరు వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. ఆమె వచ్చినట్టు ఎవరూ చూడలేదు. పాదాలు ఒకసారి వెనక్కి జరిగాయి కూడా.

"కాదు," అంది. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అంది. "కాదండీ. నాలుగు కూడా కాలేదు."

అందరూ తిరిగారు.

"తాత విన్నది అసలు పాట కాదు. నేను వాయించింది. గిటార్ మీద. సుజు అప్పుడే వెళ్లిపోయింది."

"మరి అసలు పాట మోగినప్పుడు మీకు అనుమానం రాలేదా తాతగారూ?" అన్నాడు పోలీసాయన.

"ఇంటికెళ్లగానే చెవి మిషను తీసేస్తానుగా," అన్నాడు తాత. ఆయన నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు.

పోలీసాయన గీసిన గీత కొట్టేశాడు. "గంట దాటిపోయింది. ఇక్కడెక్కడా ఉండదు."

మినేకో మిచిరును చూసింది. తిట్టలేదు. అరవలేదు. ఆ చూపు మిచిరు మరిచిపోలేదు. "నాలుగింటికి నేను ఫ్యాక్టరీలో ఉన్నాను," అంది మినేకో. అని, ఫ్యాక్టరీ దారి పట్టి పరుగెత్తింది.

సుజు సముద్రం ఒడ్డున అలలను ఆపే గోడ పక్కన దొరికింది. ఫ్యాక్టరీకి ఇంకా చాలా దూరం. వంతెన దగ్గర దారి తెలియక, వలలు ఆరబెట్టే పాకలో ముడుచుకుని కూర్చుంది. ఒక బూటు తడిసి ఉంది. అప్పటికి చీకటి పడుతోంది.

"ఇంటి దగ్గరే ఉండొచ్చు కదే! ఎందుకొచ్చావు?" అంది మినేకో, పిల్లను ఒళ్లోకి లాక్కుంటూ.

"పాట వచ్చిందమ్మా. ఇంటికెళ్లాను. నువ్వు లేవు," అంది సుజు. "పాట మోగితే నువ్వు ఉంటావుగా. పాట తప్పు మోగదు. అందుకని నీకే ఏదో అయిందనుకున్నా."

వెనక నిలబడ్డ మిచిరు ఆ మాట వింది.

ఆ రాత్రి అమ్మ మిఠాయి పెట్టె కొని, మిచిరును వెంటబెట్టుకుని మినేకో ఇంటికి వెళ్లింది. ఇద్దరూ గుమ్మం ముందు నడుం వంచి నిలబడ్డారు. "నా వల్లే జరిగిందండీ," అంది మిచిరు. మినేకో పెట్టె తీసుకుంది. "పిల్ల పడుకుంది," అని తలుపు వేసుకుంది. ఫర్వాలేదు అని మాత్రం అనలేదు.

దారిలో మిచిరు అడిగింది. "గిటార్ మావయ్యకు ఇచ్చేయనా?"

"గిటార్ ఏం చేసింది?" అంది అమ్మ.

మర్నాడు నాలుగున్నరకు ఇంటిపాట మోగింది. పిల్లలు లేచారు. ఉయ్యాల మీద సుజు లేవలేదు. ఆ పిల్ల స్తంభం వైపు చూడలేదు. మిచిరు వాళ్ల కిటికీ వైపు చూసింది. పాట అయిపోయింది. సుజు అలాగే కూర్చుంది. చివరికి మినేకోయే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

మిచిరు తెర వెనక నిలబడి ఇదంతా చూసింది.

ఆ మర్నాడు ఆంప్ అలమారలోకి పోయింది. మిచిరు గిటార్ ఒక్కటే పట్టుకుని పార్కులోకి దిగి, స్తంభం కింద బల్ల మీద కూర్చుంది. కొత్త పాట వెతకడం మొదలుపెట్టింది. ఇది ఏ మైకులోనూ రాదు. మావయ్య ఇంజన్లు తుడుస్తూ ఈలవేసే పాట. మొదటి స్వరం దొరికింది. రెండోది దొరకలేదు.

కాసేపటికి సుజు వచ్చింది. దగ్గరికి కాదు. కాస్త దూరంలో నిలబడింది.

"అది ఇంటిపాటా?"

"కాదు. ఇంకోటి."

"ఎందుకు మాటిమాటికీ ఆగుతున్నావు?"

"నాకింకా తెలియదు. వెతుకుతున్నా."

"కింది తీగ మీద చూశావా?" అంది సుజు.

మిచిరు కింది తీగ నొక్కింది. అది కాదు. దాని పక్క మెట్టు నొక్కింది. అదే! ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మూడో స్వరం దానంతటదే వచ్చింది. నాలుగోది వేలి కిందికి వచ్చేస్తోంది, ఇంకొంచెం...

పైన మైకు గరగరమంది.

మిచిరు వెంటనే చేతులు తీగల మీద నుంచి తీసేసింది. రెండు చేతులూ పైకెత్తింది. వేళ్లు విడదీసి, బాగా పైకి, సుజుకు కనబడేలా.

పాట మోగుతోంది. సుజు ఆ చేతుల వైపు చూసింది. స్తంభం వైపు చూసింది. మళ్లీ చేతుల వైపు చూసింది. ఆఖరి స్వరం గట్టిగా మోగింది. రేవు నుంచి మెల్లగా ఇంకోసారి వచ్చింది.

సుజు టోపీ సరిచేసుకుని ఇంటికి పరుగెత్తింది.

ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా మిచిరు చేతులు దించలేదు.