కారం లేని క్యారేజీ

"అమ్మాయ్, ఇది బస్సనుకున్నావా, మీ వంటగదనుకున్నావా?"

కండక్టర్ కోటేష్ ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఖాకీ ప్యాంటు మీద పప్పుచారు మరక చూపించి మరీ అడిగాడు.

తేజశ్రీ క్యారేజీ సంచి గుండెకి హత్తుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. "మూత గట్టిగానే పెట్టానండీ నిన్న. మీరే గతుకుల్లో బస్సుని ఎగిరించి ఉంటారు."

"బస్సుని ఎగిరించేది నేను కాదు, అల్లాబక్షు గారు. నేను టిక్కెట్లు కొడతాను."

"అయితే ఆయన్నే అడగండి."

"నన్ను మధ్యలోకి లాగకండర్రా," అన్నాడు డ్రైవరు అద్దంలోంచి.

"ఇంకోసారి కారిందంటే ఎక్కించుకోను. ముందే చెబుతున్నా."

"ఎక్కించుకోకపోతే మా బావ పస్తుంటాడు. ఆ పాపం మీదే."

నవ్వుతూ అన్న మాట అది. ఇద్దరూ నవ్వారు కూడా.

తేజశ్రీ బావ యలమందయ్య చిలకలూరిపేట హైవే మీద ఒక జిన్నింగ్ మిల్లులో సూపర్వైజరు. పత్తి సీజన్లో మధ్యాహ్నం ఇంటికి రావడానికి కుదరదు. హోటల్లో తిందామంటే కడుపులో పుండు. డాక్టరు కారం పూర్తిగా మానెయ్యమన్నాడు. మిరప తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. అందుకని అక్క లక్ష్మీదుర్గ కారం లేని కూర, పప్పుచారు, మెత్తటి అన్నం క్యారేజీలో సర్దేది. అమ్మ పోయినప్పటినుంచి అక్క దగ్గరే ఉంటున్న తేజశ్రీ దాన్ని తీసుకెళ్ళి పదకొండు గంటల బస్సులో ఇచ్చేది. కోటేష్ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కి అందించేవాడు. ఆ దారిలో అన్ని ఊళ్ళ వాళ్ళూ చేసే పనే. డ్రైవరు సీటు వెనకాల ఎప్పుడూ నాలుగైదు క్యారేజీలు ఉండేవి.

బావతోపాటు అక్క కూడా కారం మానేసింది. "ఆయన చప్పిడి తింటుంటే నా నోటికి కారం ఎలా సహిస్తుందే?" అనేది. ఆ ఇంట్లో కారం డబ్బా ఖాళీ అయి ఏళ్ళయింది.

ఖాళీ క్యారేజీ సాయంత్రం బస్సులో తిరిగొచ్చేది. ఒకరోజు అందులో సీతాఫలం ఉంది.

"మీ బావకి ఇన్నేళ్ళలో లేని బుద్ధి ఇప్పుడు పుట్టిందేంటే?" అంది అక్క, పండు చేతిలో తిప్పుతూ.

తేజశ్రీ పెరట్లోకి వెళ్ళిపోయింది. అక్క నవ్వుకుంటూ పండు రెండుగా విప్పింది.

"రోజూ ఆ పసుపుపచ్చ చుడీదారేనా? ఇంకోటి లేదా?" అన్నాడు కోటేష్ ఇంకో రోజు.

"మీరు రోజూ ఖాకీయేగా!"

"నాకు గవర్నమెంటు ఇచ్చింది. నీకెవరిచ్చారు?"

మర్నాడు ముసురు పట్టింది. తేజశ్రీ పెట్టె తీసి, అడుగునున్న ఆకుపచ్చ చుడీదార్ వేసుకుంది. జడ విప్పి మళ్ళీ వేసుకుంది. "బస్సు పోతుందే!" అని అక్క రెండుసార్లు కేకేసింది. సందు చివరికి వచ్చేసరికి బస్సు కదులుతోంది. ఆమె సంచి ఊపుతూ పరిగెత్తింది. బురద చుడీదార్ నిండా చిమ్మింది. బస్సు మలుపు తిరిగి తుమ్మచెట్ల వెనక్కి వెళ్ళిపోయింది.

క్యారేజీ రాకపోయేసరికి యలమందయ్య బండి తీసుకుని ఇంటికి బయలుదేరాడు. తమ ఊరు పాలెం ఇంకా రెండు మైళ్ళుందనగా లారీ గుద్దేసింది. లారీ ఆగలేదు. నంబరు ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో పొయ్యి వెలిగించాలంటే తేజశ్రీయే వెలిగించాలి. అక్క గోడకి ఆనుకుని కూర్చునేది. వాన ఆగితే ఆగినట్టు, కురిస్తే కురిసినట్టు చూస్తూ ఉండేది. చేలల్లో విచ్చిన పత్తి తడిసి నల్లబడుతోంది. పలకరించడానికి వచ్చేవాళ్ళు ముందు తగ్గారు, తర్వాత మానేశారు. ఎందుకంటే యలమందయ్య అన్నదమ్ములు పోలీసులకి ఫిర్యాదు ఇచ్చారు. ఇది యాక్సిడెంటు కాదు, ఎవరో సుపారీ ఇచ్చి చేయించారని. ఎవరో అనే రాశారు గానీ, వేలు అక్క వైపే చూపిస్తోందని ఊరందరికీ తెలుసు.

"బస్సు తప్పిపోయిందండీ. అందుకే క్యారేజీ పంపలేకపోయాం," అని లక్ష్మీదుర్గ సి.ఐ.కి చెప్పింది.

"కండక్టర్ని అడిగాం. స్టాపులో ఎవరూ లేరన్నాడే!" అన్నాడాయన.

ఆ మాట విన్న రోజు తేజశ్రీ సాయంత్రం దాకా పెరట్లోంచి లోపలికి రాలేదు. తన అలంకారం వల్లే బస్సు తప్పిపోయిందని అక్కకి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఎవరు నమ్ముతారు? నవ్వుతూ సంచి అందుకున్న ఆ మనిషే ఎవరూ లేరన్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే మళ్ళీ పిలుపొచ్చింది. పెదనాన్నని వెంటబెట్టుకుని అక్క పేట స్టేషన్‌కి వెళ్ళింది. సాయంత్రం దాకా కూర్చోబెడతారని, కాగితాలు కూడా రాస్తున్నారని, ఈసారి ఇంటికి పంపకపోవచ్చని కబురు తెలిసింది. అక్క పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తేజశ్రీ అన్నం వండి, అదే క్యారేజీలో సర్దుకుని, పదకొండు గంటల బస్సెక్కింది.

కోటేష్ ఆమెని చూసి తడబడ్డాడు. టిక్కెట్టు చింపి ఇచ్చాడు. ఆమె డబ్బులిచ్చి, తల మీద చున్నీ కప్పుకుని, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పైఊళ్ళనుంచి వచ్చే ప్రయాణికులకి ఆమె ఎవరో తెలియదు. కేసు మాత్రం బాగా తెలుసు.

"సుపారీయే. అనుమానమే లేదు," అంటున్నాడు బాలస్వామి మాస్టారు. ఆయన పేట స్కూల్లో లెక్కలు చెబుతాడు. "యాక్సిడెంటయితే డ్రైవరు బ్రేకు వేస్తాడు. రోడ్డు మీద టైరు మరకే లేదు."

"వానలో మరకలేం ఉంటాయి మాస్టారూ?" అన్నాడు అల్లాబక్షు ముందునుంచి.

"నువ్వు రోడ్డు చూసి నడుపు బాబూ."

"ఇంతకీ ఎవరిచ్చి ఉంటారంటారు?" అన్నాడు టైలరు మొహిద్దీన్ బాషా. "మిల్లులో తూకం దొంగల్ని పట్టుకున్నాడంట కదా. వాళ్ళేమో?"

"పెళ్ళామే," అంది పెరుగు తట్ట కాళ్ళ దగ్గర పెట్టుకున్న వెంకటేశ్వరమ్మ. "పిల్లా లేదు, జెల్లా లేదు. ఎన్నేళ్ళు తింటదయ్యా ఆ చప్పిడి కూడు? ఏదో ఒక రోజు విసుగెత్తదా?"

"చప్పిడి కూటికి మొగుణ్ణి చంపిస్తారా?"

"మీకేం తెలుసు మాస్టారూ. మీరు వండేదుందా, కడిగేదుందా?"

"దసరాకి ఆవిడ నా దగ్గర నాలుగు జాకెట్లు కుట్టించింది," అన్నాడు బాషా గొంతు తగ్గించి. "ఒకేసారి నాలుగు! అప్పుడే అనుకున్నా."

"ఏమనుకున్నావు?"

"అప్పుడేం అనుకోలేదులే. ఇప్పుడు అనుకుంటున్నా."

బస్సంతా నవ్వింది. ఆ నాలుగింటిలో రెండు నావే అని తేజశ్రీ నోటిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంది.

"కాస్త వేరే మాట్లాడుకోండి సార్," అన్నాడు కోటేష్. ఎవరూ వినిపించుకోలేదు.

"మోటివు ఏదైనా కావచ్చు. ఇన్సూరెన్సు కావచ్చు, ఇంకో మగాడు కావచ్చు," అన్నాడు మాస్టారు క్లాసులో చెప్పినట్టు. "ప్లాను చూడండి. ఆ మనిషి బయట తినలేడు. క్యారేజీ రాకపోతే ఏం చేస్తాడు? బండి తీసి ఇంటికి బయలుదేరతాడు. ఏ రోడ్డున, ఏ వేళకి వస్తాడో ఎవరికి తెలుసు? పెళ్ళానికి. లారీ వాణ్ణి అక్కడ పెట్టించింది. క్యారేజీ ఆపింది. అంతే."

అందరి ముఖాల్లోనూ మెచ్చుకోలు. లెక్క అంత చక్కగా కుదిరింది. ఒక్క క్షణం తేజశ్రీకి కూడా కుదిరినట్టే అనిపించింది. తనకే ఇలా అనిపిస్తే సి.ఐ.కి అనిపించదా?

"ఇదుగో, సాక్షి మన బస్సులోనే ఉన్నాడు," అన్నాడు బాషా. "ఏమయ్యా కోటేష్, ఆ రోజు స్టాపులో ఎవరూ లేరని చెప్పింది నువ్వేగా?"

తేజశ్రీ చున్నీ తీసేసింది. ఒళ్ళోని క్యారేజీ గట్టిగా పట్టుకుని, మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

"చెప్పండి. ఎవరూ లేరా?"

కోటేష్ టిక్కెట్ల పెట్టె మూశాడు.

"ఉంది," అన్నాడు. "ఒకమ్మాయి ఉంది. చేతిలో క్యారేజీ సంచి ఉంది. పరిగెత్తుకుంటూ వస్తోంది. నేను చూశాను. చూసే రైట్ చెప్పాను."

"చూసి కూడానా? ఎందుకు?" అన్నాడు మాస్టారు.

బయట వాన జోరందుకుంది.

"కొత్త చుడీదార్ వేసుకుంది," అన్నాడు కోటేష్ చివరికి. "అది నేనన్న మాటకే వేసుకుందని తెలిసింది. ఇంకాసేపు పరిగెత్తుకొస్తుంటే చూడాలనిపించింది. మలుపు దగ్గర ఆపుదామనుకున్నా. మలుపులో వెనకాల లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆపడానికి వీల్లేకపోయింది. అంతే మాస్టారూ. అదే ప్లాను. ఇంకే ప్లానూ లేదు."

వెంకటేశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మర్నాడు డిపోకి కానిస్టేబుల్ వచ్చి, పాలెం స్టాపులో ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. ప్యాసింజర్ని వదిలేశానని కంప్లయింటు వచ్చిందనుకున్నా. నాది ఇంకా పర్మనెంటు కాలేదు. భయపడి లేరన్నాను. ఎవరు పోయారో సాయంత్రం తెలిసింది. అప్పటికి మాట కాగితం మీదికెక్కింది. రోజూ చెబుదామనుకుంటున్నా. రోజూ ఈ మాటలే వింటూ టిక్కెట్లు కొడుతున్నా."

"ఆలస్యం నాది," అంది తేజశ్రీ. "అక్క రెండుసార్లు కేకేసింది. నేను జడ వేసుకుంటూ కూర్చున్నా. పంపకపోవడం కాదు మాస్టారు గారూ. అక్క పొద్దున్నే వండి సర్దింది. ఆ క్యారేజీ ఇదే."

మాస్టారు ఆమె ఒళ్ళోని క్యారేజీ వంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

పేటలో అల్లాబక్షు పోలీసు స్టేషన్ ముందు బస్సు ఆపాడు.

"ఇక్కడ స్టాపు లేదుగా?" అన్నారెవరో.

"ఇవాళ ఉంది," అన్నాడు అల్లాబక్షు. "దిగరా కోటేష్. నేను స్టాండులో ఉంటా. చెప్పేసిరా."

మొదట క్యారేజీతో తేజశ్రీ దిగింది. వెనకాల అతను. వానలో ఇద్దరూ స్టేషన్ మెట్లెక్కారు.

ఆ సాయంత్రం లక్ష్మీదుర్గ ఇంటికొచ్చింది. కోటేష్‌ని సస్పెండ్ చేశారు. కొన్నాళ్ళకి లారీ దొరికింది. చీమకుర్తినుంచి గ్రానైటు రాళ్ళతో వస్తున్న బండి. డ్రైవరు రాత్రంతా నడిపి, ఆ మధ్యాహ్నం స్టీరింగు దగ్గరే కునికాడు. భయపడి ఆపకుండా పోయాడు. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. బస్సులో ఆ కబురు విని అందరూ కాసేపు డీలా పడ్డారు. "అదైనా నిజమో కాదో," అన్నాడు బాలస్వామి మాస్టారు. కానీ ఎవరూ అందుకోలేదు.

మళ్ళీ డ్యూటీలో చేరే ముందు రోజు కోటేష్ వాళ్ళింటికి వచ్చాడు. వసారా బయట తడుస్తూ నిలబడ్డాడు. లోపలికి రమ్మనే ధైర్యం తేజశ్రీకి లేదు. అక్కే బయటికొచ్చింది.

"అమ్మా," అన్నాడు.

"నీ కబుర్లన్నీ తేజ చెప్పింది," అంది లక్ష్మీదుర్గ. "కొన్నాళ్ళు మీ ఇద్దరి పేరూ తలుచుకోవాలంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

అతను తల దించుకున్నాడు. తేజశ్రీ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"కానీ ఒక మాట నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు బస్సు పోయిందని ఇది ఏడుస్తూ వచ్చింది. నాకు బాధేమీ లేదు. సంతోషం వేసింది. సీజన్లో మధ్యాహ్నంపూట ఆయన ఇంటికొచ్చిందే లేదు. ఇవాళ వస్తాడులే, ఎదురుగా కూర్చోబెట్టి వేడిగా పెడదామని మళ్ళీ అన్నం వండాను. క్యారేజీ ఆటోలో పంపొచ్చు. పంపలేదు." ఆమె వాన వైపు చూసింది. "ఎవరి పాలు ఎంతో ఎలా పంచుకుంటాం బాబూ?"

తేజశ్రీ వచ్చి అక్క భుజం మీద తల పెట్టింది. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. కోటేష్ ఎటు చూడాలో తెలియక చూరునుంచి కారే నీళ్ళని చూస్తున్నాడు.

"మధ్యాహ్నాలు ఎక్కడ తింటావు?" అంది అక్క కాసేపటికి.

"స్టాండు పక్కన బండి దగ్గరండి."

"అందుకే అలా ఉన్నావు. లోపలికి రా, తడుస్తున్నావు." తేజశ్రీ వైపు తిరిగింది. "పక్కింట్లో గుప్పెడు కారం అడిగి పట్రా. ఈ అబ్బాయికి చప్పిడి కూర ఎలా పెడతాం?"

కారం తెచ్చేసరికి కూర పొయ్యి మీద ఉంది. అక్క చెంచాతో కారం తీసుకుని, కూర మీదికి తీసుకెళ్ళి ఆగిపోయింది. కాస్త డబ్బాలో పోసేసింది. మళ్ళీ తీసుకుంది.

"ఎంత తింటావు నాయనా? నా చెయ్యి మర్చిపోయింది."

"మీరెంత వేస్తే అంతండి."

ఎక్కువే వేసింది. కోటేష్ చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. మారడిగి మరీ తిన్నాడు. తేజశ్రీ మంచినీళ్ళ చెంబు అతని ముందుకి జరిపింది. చాలా రోజుల తర్వాత ఆమె పెదవి కొస కాస్త కదిలింది.

అతను చెప్పులేసుకుంటుంటే అక్క గుమ్మంలోకి వచ్చింది.

"రేపటినుంచి నీకు క్యారేజీ పంపుతాను. పదకొండు గంటల బస్సుకి ఇది తెస్తుంది." చెల్లెలి వైపు చూసింది. "నువ్వు కాస్త త్వరగా తెమలవే." తర్వాత అతని వైపు తిరిగింది. "నువ్వు కాస్త ఆగు."